బడిలో ఫోనిక్స్ లెవెల్ తక్కువన్నారా? ఇంట్లో ఇలా చూడండి, ఇలా చదివించండి

ఎఫ్‌ఏ-1 (బడిలో ఏడాది మొదటి పరీక్షలు) అయిపోయి పేరెంట్స్ మీటింగ్ జరిగిన రోజు సాయంత్రం నాకు ఫోన్లు మొదలవుతాయి. "మేడం, మావోడు ఇంకా రెండో లెవెల్‌లనే ఉన్నడంట. పక్కింటి పిల్ల నాలుగులకు పోయింది. వీనికి చదువు అబ్బుతదా?" నల్లగొండలో 12 ఏళ్లుగా ఒకటి, రెండు తరగతుల పిల్లలకు చదువు చెబుతున్నాను. ఆ గొంతులోని భయం నాకు కొత్త కాదు. మా పాప యూకేజీలో ఉన్నప్పుడు నేనూ అంతే భయపడ్డాను.

బడి నుంచి వచ్చిన ఫోనిక్స్ (ఇంగ్లిషు సౌండ్లు కలిపి చదవడం) కార్డు మీద "లెవెల్ 2, ప్రాక్టీస్ అవసరం" అని రాసి పంపారు. ఎందులో ప్రాక్టీసో రాయలేదు. నేను మూడో లెవెల్ పుస్తకం జిరాక్స్ తీయించుకొచ్చి రోజూ గంటసేపు పాపను కూర్చోబెట్టాను. పదిహేను రోజులు తిరక్కముందే పాప పుస్తకాల సంచిని బియ్యం డ్రమ్ము వెనక దాచడం మొదలుపెట్టింది. అప్పుడు ఆగి, నెమ్మదిగా చూస్తే తెలిసింది. అక్షరాల సౌండ్లన్నీ పాపకు వచ్చు. వాటిని కలిపి మాట చేయడం ఒక్కటే రావడం లేదు. రోజుకు పది నిమిషాల చొప్పున మూడు వారాల్లో అది కుదిరింది. మూడో లెవెల్ పుస్తకంతో ఎన్ని నెలలు కూర్చున్నా అది కుదిరేది కాదు.

అందుకే తల్లిదండ్రులకు నేను మొదట చెప్పే మాట ఇది: లెవెల్ నంబరును కాసేపు పక్కన పెట్టండి. పిల్ల సరిగ్గా ఎక్కడ ఆగిపోతోందో పట్టుకోండి. ఆ చోటు దొరికితే సగం పని అయినట్టే.

ముందు ఆ లెవెల్ ఏమిటో తెలుసుకోండి

ఇంగ్లిషులో అక్షరాలు 26, సౌండ్లు దాదాపు 44. ఫోనిక్స్ అంటే ఏ అక్షరానికి ఏ సౌండో నేర్పి, ఆ సౌండ్లను కలిపి మాట చదివించే పద్ధతి. ఒక్కో పద్ధతి వీటిని ఒక్కో వరసలో నేర్పుతుంది. మన దగ్గర చాలామంది విన్న జాలీ ఫోనిక్స్‌లో 42 సౌండ్లు ఏడు గుంపులుగా ఉంటాయి. మొదటి గుంపులో ఎస్, ఏ, టి, ఐ, పి, ఎన్ వస్తాయి. "ఏ బి సి డి వరసలో ఎందుకు చెప్పరు?" అని తాతలు అడుగుతుంటారు. ఈ ఆరు వస్తే చాలు సిట్, పిన్, టిన్, ట్యాప్ లాంటి మాటలు మొదటి వారాల్లోనే చదివించొచ్చు. తెలుగులో త, ల, ప, క వచ్చిన పిల్లతో తల, కల, పలక చదివించడం లాంటిదే ఇది.

ఒక బడిలో లెవెల్ 2 అంటే రెండో గుంపు సౌండ్లు. ఇంకో బడిలో రెండో పుస్తకం. మరో బడిలో చదివే వేగాన్ని బట్టి పిల్లలను కూర్చోబెట్టిన వరస. కాబట్టి వేరే బడిలో చదివే మేనమామ కొడుకు లెవెల్‌తో మీ పిల్ల లెవెల్‌ను పోల్చడం కుదరదు.

ఇంకో సంగతి. జాలీ ఫోనిక్స్ లాంటివి ఇంగ్లండులో పుట్టాయి. అక్కడ 2012 నుంచి ఐదారేళ్ల పిల్లలకు ఫోనిక్స్ పరీక్ష పెడుతున్నారు. 40 మాటలు ఇస్తారు. అందులో 20 నిజమైనవి, 20 అర్థం లేకుండా అల్లినవి. బట్టీ పట్టి చదువుతున్నారా, సౌండ్లు కలిపి చదువుతున్నారా అని తేల్చడానికే ఆ అల్లిన మాటలు. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో ఇంగ్లిషే వింటారు. పుస్తకంలో 'పిన్' అని చదవగానే అదేమిటో వాళ్లకు తెలుసు. మన పిల్లలు సౌండు, అక్షరం, మాట అర్థం మూడూ ఒకేసారి నేర్చుకోవాలి. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చే పిల్లలకు ఇంట్లో లంబాడి, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిషు. పాలమూరులో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలదీ ఇదే పరిస్థితి. ఆ పిల్లలు కాస్త నెమ్మదిగా వెళ్తే దాన్ని వెనకబాటు అనడం నాకు మనసొప్పదు.

మొదటి పరీక్ష తెలుగులో

ఇంగ్లిషు మీడియం అయినా సరే, ముందు తెలుగులో చూడండి. తెలుగు బాగా చదివే పిల్లకు ఇంగ్లిషు చదవడం రాకపోతే, ఆ పిల్లకు చదవడం అనే పని వచ్చినట్టే, ఇంగ్లిషు సౌండ్ల దగ్గర మాత్రమే చిక్కు ఉంది. రెండింటిలోనూ ఒకే చోట ఆగుతుంటే కారణం వేరే.

'అసర్' సర్వే వాళ్లు 2005 నుంచి దేశమంతా ఊళ్లలో పిల్లల చదువును చూసే తీరు చాలా సులువు, ఇంట్లోనూ చేయొచ్చు. ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా ఇస్తారు. మూడు తప్పులకు మించకుండా, మాట మాటకూ ఆగకుండా వాక్యంలా చదివితే రెండో తరగతి స్థాయి కథ ఇస్తారు. పేరా చదవలేకపోతే ఐదు మాటలు చూపిస్తారు. అందులో నాలుగు రావాలి. అవీ రాకపోతే అక్షరాలు, ఐదుకు నాలుగు.

పేరాను పిల్ల బడి పుస్తకంలోంచి తీసుకోకండి. అసలు మోసం అక్కడే జరుగుతుంది. రెండో తరగతి బాబు ఒకడు మా దగ్గరకు వచ్చి పాఠం మొత్తం గడగడా చదివాడు. వాళ్ల నాన్న మొహం వెలిగిపోయింది. నేను వాడి వేలు చూస్తున్నాను. నోరు నాలుగో వరసలో ఉంది, వేలు ఇంకా రెండో వరస మీదే ఉంది. మధ్యలో ఒక మాట మీద బలపం పెట్టి "ఇది ఏంది బేటా?" అన్నాను. వాడు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుని ఆ మాట దాకా లోలోపల చెప్పుకుంటూ వచ్చాడు. పాఠం వాడికి కంఠతా వచ్చు, చదవడం రాదు. కాబట్టి పిల్ల ఎప్పుడూ చూడని పేజీ ఇవ్వండి. కింది వరస నుంచి పైకి, చివరి మాట నుంచి మొదటికి వేలు పెట్టి అడగండి.

ఊళ్ల పేర్లతో నేను ఒక వరస పెట్టుకున్నాను. బస్సు బోర్డుల మీద, మైలురాళ్ల మీద కనిపించేవే కాబట్టి పిల్లలకు అర్థం ఇబ్బంది ఉండదు. దేవరకొండ, హాలియా, కోయిలకొండ చదివితే గుణింతం, సున్న వచ్చినట్టు. నల్లగొండ, అచ్చంపేట, కొల్లాపూర్ చదివితే అదే అక్షరానికి అదే ఒత్తు వచ్చినట్టు. గద్వాల, చిట్యాల, మక్తల్, మిర్యాలగూడ చదివితే వేరే అక్షరం ఒత్తు కూడా వచ్చినట్టు. జడ్చర్ల, కల్వకుర్తి ఆగకుండా చదివిన పిల్ల గురించి తెలుగులో బెంగ అక్కర్లేదు. ఎక్కడ తడబడిందో అక్కడ ఒక గీత పెట్టుకోండి. పొట్టి, పొడుగు గుణింతాల దగ్గరా, ప-ష, ద-డ లాంటి జంటల దగ్గరా ఎక్కువమంది ఆగుతారు.

రెండో పరీక్ష ఇంగ్లిషులో, నాలుగు ప్రశ్నలు

పలక, బలపం తీసుకోండి. పది నిమిషాలు చాలు.

అక్షరం రాసి "దీని సౌండ్ ఏంది?" అని అడగండి. పేరు చెబితే ఒప్పుకోకండి. 'బి' దాని పేరు, 'బ్' దాని సౌండు. తెలుగులో ఈ గొడవే లేదు. 'క' పేరూ క, పలికేదీ క. తెలుగు అలవాటైన పిల్లకు ఇంగ్లిషులో మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. ఎన్ని వచ్చాయో, ఎన్ని రాలేదో రాసుకోండి.

తర్వాత పలక పక్కన పెట్టి నోటితోనే 'బ్... అ... స్' అని విడివిడిగా చెప్పి, "కలిపితే ఏంది?" అని అడగండి. ఇది చెవి పరీక్ష. అక్షరాలన్నీ వచ్చిన పిల్లలు కూడా ఇక్కడ ఆగిపోవచ్చు. మా పాప ఆగింది ఇక్కడే.

మూడోది, పలక మీద మూడక్షరాల మాటలు రాసి చదివించండి. నిజమైన మాటలు ఐదు, అల్లినవి ఐదు. టిబ్, పెమ్, గెప్ లాంటివి మీరే అల్లొచ్చు. నిజమైనవి చదివి, అల్లినవి చదవలేకపోతే ఆ పిల్ల మాట ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటోంది, సౌండ్లు కలపడం లేదు.

నాలుగోది, చదివినదాని అర్థం అడగండి, తెలుగులోనే. 'ఫాగ్' అని తప్పు లేకుండా చదివి పొగమంచు అని చెప్పలేకపోతే, అది చదవడంలో లోపం కాదు. ఆ మాట ఎవరూ చెప్పలేదు, అంతే. ఈ రెండింటినీ కలిపేసి "చదవడం రాదు" అని రాసేసిన కార్డులు ఎన్నో చూశాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది.

సౌండు దగ్గర ఆగితే

తల్లిదండ్రులు ఇంట్లో నేర్పేటప్పుడు తెలియక చేసే పొరపాటు ఒకటుంది. 'బి అంటే బ, టి అంటే ట' అని చెబుతారు. అలా చెబితే ఆ పిల్ల బి, ఏ, టి కలిపి 'బయాట' అంటుంది. తప్పు పిల్లది కాదు. మన హల్లులన్నీ అకారం తగిలించుకునే వస్తాయి. దీనికి మందు మన లిపిలోనే ఉంది. పొల్లు. పిల్లకు పొల్లు తెలిస్తే పలక మీద 'బ్', 'ట్' అని రాసి చూపించండి. ఇంగ్లిషు సౌండ్ అంటే పొల్లు హల్లు అని ఒక్కసారి పట్టుకుంటే ఇక మర్చిపోరు. సాగదీయగలిగిన సౌండ్లతో మొదలుపెట్టండి: స్‌స్‌స్, మ్‌మ్‌మ్, న్‌న్‌న్, ఫ్‌ఫ్‌ఫ్. ట్, ప్, క్, బ్ సాగవు. వాటిని పొట్టిగా, గొంతు తగ్గించి పలకాలి.

క్యాట్, బ్యాట్‌లో ఉన్న అచ్చు కోసం నేను మేకను వాడతాను. మన ఊళ్లలో మేకను 'మ్యాక' అంటాం. ఆ 'మ్యా'లో ఉన్న అచ్చునే పొట్టిగా పలికితే అదే. "మ్యాక సౌండ్" అంటే మా పిల్లలందరికీ తెలుసు.

రోజుకు రెండు కొత్త సౌండ్లకు మించొద్దు. నిన్నటివి ముందు అడిగి, ఆ తర్వాతే కొత్తవి. బి-డి తిప్పి రాస్తున్నారని కంగారు పడకండి. ఏడేళ్లలోపు పిల్లల్లో అది మామూలే.

కలపడం దగ్గర ఆగితే

ఎక్కువమంది పిల్లలు చిక్కుకునేది ఇక్కడే. కొంచెం ఓపిక పట్టాలి.

మొదటి వారం అసలు అక్షరాలే వద్దు. చెవితో ఆడించండి. గోలీలు మూడు నేల మీద పెట్టి, ఒక్కో గోలీ ముట్టుకుంటూ ఒక్కో సౌండ్ చెప్పండి: 'క్... అ... ప్'. తర్వాత మూడింటి మీదుగా వేలు జరుపుతూ ఒకే ఊపిరిలో: 'కప్'. ముందు మీరు, తర్వాత ఇద్దరూ కలిసి, ఆ తర్వాత పిల్ల ఒక్కతే. గోలీలు లేకపోతే చింతగింజలు చాలు. వంట చేస్తూ కూడా ఆడొచ్చు: "మ్... అ... గ్ తే బిడ్డా!" అంటే మగ్గు తేవాలి.

ఏ మాటలతో ఆడాలి? ఫోనిక్స్ పుస్తకం కొనక్కర్లేదు, ఇల్లే పుస్తకం. కప్పు, మగ్గు, జగ్గు, టబ్బు, పెన్ను, పిన్ను, బ్యాగు, బ్యాటు, బెడ్డు, బస్సు. ఇవన్నీ మన నోట్లో రోజూ ఆడే మాటలు, అన్నీ మూడక్షరాలవి, అన్నీ సౌండ్ ప్రకారం చదవగలిగినవి. చివరన మనం తగిలించిన 'ఉ' ఒక్కటి తీసేయాలి. తెలుగు మాట అచ్చుతో ముగియడం అలవాటు కాబట్టి పిల్ల 'బస్సు' అనే చదువుతుంది. కోప్పడకండి. "పుస్తకంలో బస్ అని ఆపుతారు, మనం బస్సు అంటాం" అని చెబితే చాలు. ఈ మాటలకు అర్థం చెప్పే పని కూడా ఉండదు. వస్తువు ఎదురుగానే ఉంటుంది.

రెండో వారం అదే ఆట పలక మీద. మొదటి రెండు సౌండ్లను ముందు కలపమనండి: 'క్...అ', 'క', ఆ తర్వాత 'ప్': 'కప్'. మూడూ విడివిడిగా చెప్పి చివర్లో కలపమంటే మొదటిది మర్చిపోతారు. అక్షరాన్ని అక్షరంతో గుణించి చదివే అలవాటు తెలుగు పిల్లలకు ఉంది. 'క్'కు అచ్చు కలిస్తే ఒక గుణింతం, దానికి పొల్లు తోడైతే మాట. ఈ దారి వాళ్లకు సులువుగా ఎక్కుతుంది.

మూడో వారం ఒక అక్షరం మారుస్తూ పోండి. పిన్‌లో పి చెరిపి టి పెడితే టిన్. ఐ చెరిపి ఈ పెడితే టెన్. మొదటి అక్షరం చెరిపి ఎన్ పెడితే, నెన్ అని అర్థం లేని మాట వస్తుంది. దాన్ని చదివి పిల్ల నవ్వితే, చదవడం వచ్చేసిందన్నమాట. రెండక్షరాలు కలిసి ఒకే సౌండ్ ఇచ్చేవి ఆ తర్వాత వస్తాయి. షాప్, చిప్స్, ఫిష్. వీటికి కిరాణా దుకాణం ముందు నిలబెట్టడం కంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

చదువుతుంది, కానీ కూడబలుక్కుంటుంది

ఒకే పేజీని మూడు రోజులు చదివించండి. మొదటి రోజు మీరు చదివి వినిపించండి, రెండో రోజు ఇద్దరూ, మూడో రోజు పిల్ల. పుస్తకం ఎంచుకునేటప్పుడు ఒక పేజీలో ఐదు మాటల దగ్గర ఆగిందంటే అది ఇప్పటికి బరువు. ఒక మెట్టు దిగండి. కింది లెవెల్ పుస్తకం హాయిగా చదవడం నామోషీ కాదు. ఒక పుస్తకం పూర్తిగా చదివానన్న సంతోషమే పిల్లను రెండో పుస్తకం దగ్గరకు తీసుకెళ్తుంది.

ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు, ఇంగ్లిషు కథలు నాలుగు స్థాయిలుగా ఉచితంగా దొరుకుతాయి. ఫోన్‌లో చూపించే బదులు ప్రింటు తీయించి చేతికివ్వండి. సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిషు మీడియం మొదలయ్యాక ఇచ్చిన పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లిషు ఉంటాయి. పక్కింటి పిల్ల దగ్గర ఉంటే అడిగి తెచ్చుకోండి. అర్థం కోసం ఎదురు పేజీ చూసే వీలు చాలా పుస్తకాల్లో ఉండదు.

వేగం ఎంతుండాలి? కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిపుణ్ భారత్ (చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరిచే పథకం) లక్ష్యాల ప్రకారం ఒకటో తరగతి చివరికి నాలుగైదు సులువైన మాటలున్న చిన్న వాక్యాలు చదవాలి. రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60. మన రాష్ట్రంలో 2022 ఆగస్టులో సర్కారు బడుల్లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఈ చదువు పునాది కోసమే. మీ యూకేజీ పిల్ల కథలు చదవడం లేదని బడి ఏమన్నా, ఈ లెక్కలు ఒకసారి గుర్తు చేసుకోండి. తెలుగు మాటలు పొడుగ్గా ఉంటాయి. 'వెళ్లిపోతున్నారు' ఒక్కటే మాట. కాబట్టి తెలుగులో ఈ అంకె దగ్గర మరీ పట్టుబట్టకండి.

టీచర్‌తో మాట్లాడేటప్పుడు

"లెవెల్ ఎప్పుడు పెంచుతారు?" అని అడిగితే టీచర్ పెంచేస్తారు. పిల్ల ఉన్నచోటే ఉంటుంది. ఇలా అడిగి చూడండి: "మేడం, ఇప్పటికి ఏ ఏ సౌండ్లు అయినయి? మా పిల్లకు ఏవి రావట్లే? కలిపి చదవడం వస్తుందా? ఈ వారం చెప్పే సౌండ్లు డైరీల రాసి పంపుతరా?" మీరు ఇంట్లో చూసిన సంగతీ చెప్పండి: "సౌండ్లన్నీ చెప్తుంది మేడం, కలపమంటే ఆగుతుంది." 40 మంది పిల్లలున్న తరగతిలో ఆ టీచర్‌కు ఈ ఒక్క మాట ఎంత సాయమో, ఆ స్థానంలో ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

ఎండాకాలం సెలవుల్లో 30 రోజుల్లో ఫోనిక్స్ నేర్పుతామని బోర్డులు కడతారు. ఎక్కడ ఆగిందో పరీక్షించకుండా అందరికీ మొదటి సౌండ్ నుంచి చెప్పేచోట డబ్బు కట్టొద్దు.

ఇంటి పనితో తేలకపోతే

ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. బోర్డు కనిపించక, సౌండ్ సరిగ్గా వినిపించక వెనకబడ్డ పిల్లలున్నారు. సర్కారు బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు పథకం) బృందం ఇవి ఉచితంగా చూస్తుంది, చదువులో ఇబ్బందులు కూడా వాళ్లు చూసే జాబితాలో ఉన్నాయి. రెండో తరగతి దాటాక కూడా, రోజూ చదివించినా, తెలుగులోనూ అక్షరాలు నిలవకపోతే, మాటల్లో చురుగ్గా ఉన్న పిల్ల కాగితం ముందు మాత్రమే కుంగిపోతుంటే, అది డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే స్థితి) కావచ్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, వాళ్లను కలవండి. మొద్దు, సోమరి అనే మాటలు ఆ పిల్ల చెవిన పడనివ్వకండి.

నోటుబుక్కు

40 పేజీల నోటుబుక్కు ఒకటి తీసుకోండి. మొదటి పేజీలో తేదీ వేసి, నాలుగు ప్రశ్నల పరీక్షలో ఏం వచ్చిందో, ఏం రాలేదో రాయండి. రోజూ పది, పదిహేను నిమిషాలు, అన్నం తినకముందు, టీవీ ఆపి. ఏం చదివిందో ఒక్క వరస రాయండి. ఆదివారం వద్దు. బతుకమ్మ పండుగ రోజుల్లోనూ వద్దు, పూలు కోసుకురానివ్వండి. ఆరు వారాల తర్వాత అదే పరీక్ష మళ్లీ పెట్టి, ఆ రోజు పేజీని మొదటి పేజీ పక్కన పెట్టి చూడండి. తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌కు కార్డుతో పాటు ఆ నోటుబుక్కు కూడా పట్టుకెళ్లండి.